బిల్లు దగ్గర స్నేహం చెడకుండా: నలుగురం కలిసి తిన్నప్పుడు లెక్క ఎలా తేల్చుకోవాలి

నాలుగేళ్ల కిందటి మాట. ఆఫీసులో మేం ఆరుగురం ఒక శుక్రవారం సాయంత్రం బార్ అండ్ రెస్టారెంట్‌కి వెళ్లాం. ఐదుగురం తాగాం. ఆరో అతను మా అందరికంటే చిన్నవాడు, ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. ఒక వెజ్ ఫ్రైడ్ రైస్, ఒక స్వీట్ లైమ్ సోడా తీసుకున్నాడు, అంతే. సోంపు గిన్నెతో పాటు బిల్లు తెచ్చి నా ముందు పెట్టారు. నేను ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి, మొత్తాన్ని ఆరుతో భాగించి, "తలా 1,140 రా" అన్నాను. అతను ఫోన్ తీశాడు. నాకు డబ్బు పంపే ముందు ఒకసారి బ్యాంక్ బ్యాలెన్స్ చూసుకున్నాడు. పక్కనే కూర్చున్నాను కాబట్టి ఆ స్క్రీన్ నాకు కనిపించింది. అతను ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ తర్వాత వరసగా నాలుగు శుక్రవారాలు ఊరెళ్తున్నానని చెప్పి రాలేదు.

ఊరెళ్లలేదని చాలా రోజులకు అతనే చెప్పాడు. హాస్టల్ గదిలోనే ఉన్నాడట. ఆ 1,140 గురించి నేను ఇప్పటికీ బాధపడతాను. అతను నన్ను అడగలేకపోయాడు, తప్పు నాది.

మన దగ్గర డబ్బు మాట ఎత్తడం చిన్నతనం అనుకుంటాం. ఆ మొహమాటానికి మూల్యం చెల్లించేది మాత్రం ఎప్పుడూ జేబులో తక్కువ ఉన్నవాడే. అందుకే ఈ కింద చెప్పే పద్ధతులన్నిటికీ మూలం ఒకటే: డబ్బు మాట ఆర్డర్ ఇవ్వకముందే ఎత్తాలి, ఎత్తాల్సింది ఆ టేబుల్ దగ్గర అందరికంటే బాగా సంపాదిస్తున్నవాడు. అతను నోరు తెరిస్తే మిగతావాళ్లకి ఊపిరాడుతుంది.

ముందు చోటు తేల్చండి

సగం గొడవ వాట్సాప్ గ్రూపులోనే తీరిపోవాలి. "ఎక్కడికి వెళ్దాం?" అని వదిలేస్తే ఎవరో ఒకరు కొత్తగా తెరిచిన ఖరీదైన చోటు పేరు పెడతారు, మిగతావాళ్లు బొటనవేలు గుర్తులు పెడతారు. ఆ గుర్తుల్లో ఎన్ని మనస్ఫూర్తిగా పెట్టినవో ఎవరికీ తెలీదు. దాని బదులు రెండు మూడు చోట్లు, ఒక్కోదానికి తలకు ఎంత అవుతుందో రాసి పెట్టండి. ఫుడ్ యాప్‌లలో ఇద్దరికి సుమారుగా ఎంతవుతుందో ఉంటుంది, దాన్ని సగం చేసి, పన్ను కోసం కాస్త కలుపుకుంటే చాలు. "తలా నాలుగొందలు దాటకుండా చూద్దాం, నాకు ఈ నెల అదే వీలు" అని మీరే రాయండి. మీకు వెయ్యి వీలైనా సరే, ఆ మాట మీ నోటి నుంచి వస్తే రెండొందలే వీలైనవాడు కూడా ధైర్యంగా ఇంకో చోటు చెప్పగలడు.

ఒక్క పని మాత్రం చేయకండి. గ్రూపులో అందరూ చూస్తుండగా ఒకరి పేరు పెట్టి "నీకు ఓకేనా?" అని అడగకండి. అందరి ముందు ఎవరైనా ఓకే అనే అంటారు. అడగాలనిపిస్తే విడిగా ఫోన్ చేయండి.

హైదరాబాద్‌లో ఉంటే నేను ఎక్కువగా మండీకి, అంటే మాంసంతో వండే అన్నానికి, ఓటేస్తాను. బార్కస్‌లో స్థిరపడ్డ యెమెన్ మూలాలున్న కుటుంబాల నుంచి ఊరంతా పాకిన తిండి అది. పెద్ద పళ్లెం మధ్యలో పెడతారు, చుట్టూ కూర్చుని అందులోంచే తింటారు. ఇద్దరికింత, నలుగురికింత అని ధర ముందే రాసి ఉంటుంది. ఎవడు ఎక్కువ తిన్నాడనే లెక్కే ఉండదు, పళ్లెం ధరని తలలతో భాగిస్తే అయిపోయింది. బిర్యానీలో ఫ్యామిలీ ప్యాక్, జంబో ప్యాక్ కూడా ఇలాగే సులువు. మాంసం తినని స్నేహితుడు ఉన్న రోజు మాత్రం మండీ వద్దు. అతని కోసం విడిగా తెప్పించేది ఆకలి తీరుస్తుందేమో కానీ, పళ్లెం చుట్టూ కూర్చోవడంలో ఉన్న దగ్గరితనం అతనికి దక్కదు.

కూర్చోగానే, మెనూ తెరవకముందే

"ఈ రోజు ఎలా చేద్దాం?" అని ఒక్క ముక్క అడగండి. దానికి జవాబులు మూడే: సమానంగా, ఎవరిది వాళ్లు, లేదా ఈ రోజు ఒకరి ట్రీట్. బిల్లు వచ్చాక ఈ ప్రశ్న అడిగితే అది ప్రశ్నలా కాదు, ఆరోపణలా వినిపిస్తుంది.

అందరూ ఇంచుమించు ఒకేలా తింటే సమానంగా పంచుకోండి. ఇరవై, ముప్పై రూపాయల తేడాని వెతుక్కోవద్దు. వాడు రెండు రుమాలీ రోటీలు తిన్నాడు, నేను ఒకటి తిన్నాను అని లెక్క తీసేవాళ్లతో కూర్చున్న పూట తిన్నది ఒంటబట్టదు. అయితే మందు వచ్చిందంటే పద్ధతి మారాలి. "తల్లీ పిల్లా ఒకటైనా నోరూ కడుపూ వేరు" అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఒక లెక్క చూడండి. ఐదుగురు వెళ్లారు, ఇద్దరు తాగారు. తిండి 3,000, మందు 2,600. మామూలు రెస్టారెంట్లలో తిండి మీద 5 శాతం జీఎస్‌టీ, అంటే 150. మందు జీఎస్‌టీ కిందికి రాదు, దాని మీద రాష్ట్రం పన్ను వేరుగా ఉంటుంది, ఆ 2,600లో అది కలిసే ఉందనుకుందాం. మొత్తం 5,750. ఐదుతో భాగిస్తే తలా 1,150. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. విడదీసి చూడండి: తిండి, దాని పన్ను కలిపి 3,150, తలా 630. మందు 2,600 ఇద్దరికి, తలా 1,300. తాగినవాళ్లు 1,930 చొప్పున కట్టాలి, తాగనివాళ్లు 630. సమానంగా పంచితే తాగని ముగ్గురూ ఒక్కొక్కరు 520 రూపాయలు పక్కవాడి గ్లాసు కోసం కట్టినట్టు. నెలకి మూడు సిట్టింగులైతే పదిహేను వందలు దాటుతుంది. హాస్టల్లో ఉండే కుర్రాడికి అది చిన్న మొత్తం కాదు.

మందుకి, తిండికి రెండు బిల్లులు విడిగా ఇచ్చే బార్లు చాలా ఉన్నాయి. ఇవ్వకపోతే ఆర్డర్ ఇచ్చేటప్పుడే "అన్నా, మందు బిల్లు వేరే కొట్టండి" అని చెప్పండి. ఆ మాట తాగేవాళ్లే చెప్పాలి. తాగనివాడి చేత చెప్పించకూడదు. మంచింగ్ ఎవరి లెక్కలో వేయాలి అనే చిక్కు ఒకటి ఉంది. నా తీర్పు ఏంటంటే, చికెన్ పకోడీ, పల్లీ మసాలా లాంటివి టేబుల్ మీదకి వస్తే అందరూ చెయ్యి పెడతారు కాబట్టి అది తిండి లెక్కే. తాగేవాళ్లు తమ కోసమని మూడో ప్లేటు, నాలుగో ప్లేటు తెప్పించుకుంటే అది మాత్రం వాళ్లదే.

బిల్లు వచ్చాక భాగించే ముందు ఒకసారి కింద దాకా చదవండి. జీఎస్‌టీ వేరు, సర్వీస్ చార్జీ వేరు. సర్వీస్ చార్జీని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వద్దంటే తీసేయమని మర్యాదగా అడగొచ్చు, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు. అలా మిగిలిన డబ్బులో కొంత వడ్డించిన మనిషి చేతికి నేరుగా ఇవ్వండి. టిప్పు కూడా తలా ఇంత అని కలిపి ఇస్తే బాగుంటుంది, ఎప్పుడూ ఒకడే పర్సు తీయకుండా.

చాయ్: మన అసలు రౌండ్

ఇంగ్లండ్, ఐర్లండ్ పబ్బుల్లో రౌండ్ల పద్ధతి ఉంటుంది. అక్కడ మామూలుగా కౌంటర్ దగ్గరికి వెళ్లి ఆర్డర్ ఇచ్చి అక్కడికక్కడే డబ్బు కట్టాలి. నలుగురూ నాలుగుసార్లు వెళ్లే బదులు ఒకడు వెళ్లి అందరికీ తెస్తాడు, తర్వాతిసారి ఇంకొకడు. మన బార్లలో కూర్చున్న చోటికే తెచ్చి చివర ఒక్క బిల్లు ఇస్తారు కాబట్టి అలాంటి అలవాటు ఏర్పడలేదు. మనకి అది ఉన్నది చాయ్ దగ్గర. ఆఫీసు బయట టీ బండి దగ్గరికి రోజుకి రెండుసార్లు వెళ్తాం, ఎప్పటికప్పుడు కట్టేస్తాం, ఈ పూట ఒకడు, ఆ పూట ఇంకొకడు. ఎవరూ రాసుకోరు. కానీ అందరికీ గుర్తుంటుంది.

ఇక్కడ పాటించాల్సినవి చిన్నవే. నడిచి వెళ్తున్నప్పుడే "ఇది నాది" అనండి. టీ తాగడం అయ్యాక ఫోన్ చూసుకుంటూ నిలబడిపోవడం అందరికీ కనిపిస్తుంది. స్కాన్ చేసిన వెంటనే బండి మీద స్పీకర్ "అరవై రూపాయలు అందాయి" అని తెలుగులో అరుస్తుంది, ఎవరు కట్టారో బజారుకంతా తెలుస్తుంది. మీ వంతు వచ్చి రెండు రోజులైతే మూడో రోజు అడక్కుండానే మీరు కట్టేయండి. పక్కవాడి వంతు రోజు టీతో పాటు సిగరెట్, సమోసా, బిస్కెట్ ప్యాకెట్ ఆ లెక్కలో కలపకండి. టీ ఒక్కటే రౌండ్, మిగతాది మీ సొంతం. నాకు ఎక్కువగా కోపం వచ్చేది ఇక్కడే. పది రూపాయల టీ ఇప్పిస్తానన్నవాడి నెత్తిన ఇరవై రూపాయల సిగరెట్ పెట్టడం స్నేహం కాదు.

ఇరానీ హోటల్లో ఇంకో జాగ్రత్త. పాత పద్ధతి ఉన్నచోట సమోసాల ప్లేటు అడక్కపోయినా టేబుల్ మీద పెడతారు, తిన్నవాటికే లెక్క కడతారు. మాటల్లో పడి ఎవరు ఎన్ని తిన్నారో మర్చిపోతాం. మిగిలినవి లెక్కపెట్టి, కౌంటర్ దగ్గర సరిగ్గా చెప్పడం ఆ రోజు కట్టేవాడి బాధ్యత. చాయ్ సగం చాలనుకుంటే వన్ బై టూ చెప్పండి, అందులో నామోషీ ఏమీ లేదు.

చదువుకోడానికో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్లిన మనవాళ్లకి ఒక మాట. రౌండ్‌లో ఒకసారి తీసుకున్నారంటే మీ వంతు ఒకసారి కొనాలి, లేకపోతే అక్కడ అది బాగా గుర్తుంటుంది. ఆస్ట్రేలియాలోనూ ఇంతే, అక్కడ దాన్ని షౌట్ అంటారు. తాగరా? త్వరగా వెళ్లిపోవాలా? చేతిలో డబ్బు తక్కువా? మొదటి రౌండ్‌కి ముందే "నాది నేను తెచ్చుకుంటాను" అని చెప్పండి, ఎవరూ తప్పు పట్టరు. రౌండ్ పద్ధతిలో ఉన్న అసలు ప్రమాదం ఖర్చు కంటే తాగుడు. ఐదుగురుంటే, తన వంతు రాకుండా లేచి వెళ్లడం బాగోదని ప్రతివాడూ ఐదు గ్లాసుల దాకా కూర్చుంటాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1915లో, లండన్‌లో ఒకరికొకరు మందు కొనిపెట్టడాన్నే ప్రభుత్వం నిషేధించింది. తాగుడు తగ్గించడానికి ఆ పని చేయాల్సి వచ్చిందంటే ఆ మొహమాటం బలం ఎంతో చూడండి.

ట్రీట్ ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు

"పార్టీ ఎప్పుడు మామా?" అనే మాట మనకి ఊతపదం అయిపోయింది. ఉద్యోగం వచ్చినా, బండి కొన్నా, పెళ్లి కుదిరినా అదే. మొదటి జీతం వచ్చిన కుర్రాడిని ఆ మాట అడిగే ముందు ఆగండి. ఆ జీతంలోంచి ఇంటికి పంపాల్సింది, హాస్టల్ అడ్వాన్స్ కోసం అప్పు తెచ్చింది ఉంటాయి. అడగాలని ఉంటే "పార్టీ" అనకండి, "చాయ్ ఎప్పుడు?" అనండి. బిర్యానీ పెట్టగలిగితే వాడే పెడతాడు.

ట్రీట్ ఇచ్చేవాళ్లు చోటు తామే ఎంచుకోవాలి, ఎంతమందో తామే చెప్పాలి. పిలవని ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లడం తప్పు. కూర్చున్నాక ఇచ్చేవాడు తన ఆర్డర్ ముందు చెప్తే మంచిది, ఏ ధరలో తినొచ్చో మిగతావాళ్లకి దాన్ని బట్టి అర్థమవుతుంది. తీసుకునేవాళ్లు మెనూలో అన్నిటికంటే ఖరీదైనది వెతకకూడదు, ఇంటికి పార్సిల్ చెప్పకూడదు. తిండి వరకే ట్రీట్ అనుకుంటే ఇచ్చేవాడు ముందే "తిండి నాది, మందు ఎవరిది వాళ్లం" అనేయొచ్చు. నేను పెళ్లి కుదిరినప్పుడు అలాగే చెప్పాను, ఒక్కరూ ముఖం మాడ్చుకోలేదు.

వయసులో, జీతంలో బాగా తేడా ఉన్నప్పుడు పెద్దవాళ్లు కట్టడం మన దగ్గర సహజం. "అన్నా" అని పిలిచేవాడి దగ్గర ఆఫీసు సీనియర్ చాయ్ డబ్బులు తీసుకోడు. తీసుకోకపోవడం మంచిదే, కానీ చిన్నవాళ్లు కూడా అప్పుడప్పుడూ "అన్నా, ఈ రోజు నన్ను కట్టనివ్వండి" అంటారు. అన్నప్పుడు కట్టనివ్వండి. ఎప్పుడూ తీసుకునేవాడిగానే ఉంచేస్తే మనిషి లోలోపల చిన్నబోతాడు.

కౌంటర్ దగ్గర "నేనిస్తా, నేనిస్తా" అని చేతులు పట్టుకుని లాక్కోవడం ఒక్కసారి ముద్దుగా ఉంటుంది. రెండోసారి కూడా అవతలివాళ్లు ఒప్పుకోకపోతే వదిలేయండి, "సరే, వచ్చేసారి నాది" అనండి. అని మర్చిపోకండి. వచ్చేసారి అన్నది నెలలోపు రావాలి. చుట్టాల విషయం వేరు. ఇంటికొచ్చిన బావగారి చేత బిల్లు కట్టించే పద్ధతి మనకి లేదు కాబట్టి అక్కడ ఈ లెక్కలేవీ పనికిరావు.

వసూలు: అదే రాత్రి

బిల్లు ఒకరే కట్టడం సులువు. తర్వాత అందరి దగ్గరా రాబట్టడమే కష్టం. కట్టినవాడు ఇంటికి చేరేలోపే మూడు పనులు చేయాలి. బిల్లు ఫొటో గ్రూపులో పెట్టాలి. ఎవరు ఎంత ఇవ్వాలో పేరుతో సహా రాయాలి. కింద తన క్యూఆర్ కోడ్ పెట్టాలి. ఇదివరకు యూపీఐలో "ఇంత పంపు" అని స్నేహితుడికి కలెక్ట్ రిక్వెస్ట్ పంపేవాళ్లం. మోసాలు ఎక్కువై 2025 అక్టోబర్ నుంచి మనిషికి మనిషి పంపే ఆ రిక్వెస్టులు ఆపేశారు. కాబట్టి క్యూఆరో, ఫోన్ నంబరో ఇచ్చి అడగడమే మార్గం.

ఇవ్వాల్సినవాళ్లు ఆ రాత్రే పంపేయండి. పంపి గ్రూపులో "పంపా" అని ఒక్క ముక్క పెట్టండి, అది చూసి మిగతావాళ్లకి గుర్తొస్తుంది. 628 అయితే 630 పంపండి, 600 పంపకండి.

మూడు రోజులైనా రాకపోతే గ్రూపులో కాకుండా విడిగా అడగండి. అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. చాలామంది ఎగ్గొట్టాలని కాదు, నిజంగానే మర్చిపోతారు. "ఒరేయ్, మొన్నటి 630 పంపలేదనుకుంటా, ఒకసారి చూడు" అంటే చాలు. క్షమాపణలు, సంజాయిషీలు అక్కర్లేదు. మీ డబ్బు మీరు అడుగుతున్నారు.

ట్రిప్పులైతే

రెండు రోజులు దాటిన ప్రయాణానికి ఎవరిది వాళ్లు అనేది కుదరదు. బయలుదేరే ముందు తలా మూడు వేలో, ఐదు వేలో ఒకరి ఖాతాలో వేసి, ఆ ఒక్కరే అన్నీ కట్టడం అన్నిటికంటే తేలిక. మిగిలింది చివర పంచుకోవచ్చు. అది నచ్చకపోతే స్ప్లిట్‌వైజ్ లాంటి యాప్‌లో ఎవరు కట్టింది వాళ్లు రాసుకుంటూ పోండి, ఎవరు ఎవరికి ఎంతివ్వాలో అదే తేలుస్తుంది.

కారు ఎవరిదో వాళ్ల సంగతి అందరూ మర్చిపోతారు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర టోల్ పడుతుంది. డబ్బు చేతితో ఇవ్వం కాబట్టి ఫాస్టాగ్‌లో చప్పుడు లేకుండా పోతుంది, కారు యజమానికి మెసేజ్ వస్తుంది, మిగతావాళ్లకి తెలియదు. వార్షిక పాస్ ఉంటే అసలు ఖర్చే లేదనుకుంటారు. ఆ పాస్‌కి అతను ముందే డబ్బు కట్టాడు, దానిలో 200 ట్రిప్పులే ఉంటాయి. మా బృందంలో పద్ధతి ఇదీ: పెట్రోలు, టోలు మిగతావాళ్లు పంచుకుంటాం, కారు తెచ్చినవాడిని ఆ లెక్కలోంచి తీసేస్తాం. టైర్లు అరిగేవి అతనివి, రాత్రంతా మేం నిద్రపోతుంటే నడిపేదీ అతనే.

ఇవ్వలేనివాళ్లు, ఇవ్వనివాళ్లు

వీళ్లిద్దరినీ కలిపేయకండి. ఇవ్వనివాడు ప్రతిసారీ పర్సు మర్చిపోతాడు, నెట్ రావట్లేదంటాడు, తన ఫోన్ మాత్రం కొత్తది. అతనితో గొడవ వద్దు. ఒకసారి విడిగా చెప్పండి, తర్వాత ఎవరిది వాళ్లు కట్టే చోటికే అతన్ని పిలవండి. టిఫిన్ సెంటర్లలో ముందే టోకెన్ తీసుకోవాలి కాబట్టి అక్కడ ఈ సమస్య రానే రాదు.

ఇవ్వలేనివాడు మాత్రం మొదట పిలుపులకి జవాబివ్వడం మానేస్తాడు. ఉద్యోగం పోయి ఉండొచ్చు, ఇంట్లో ఎవరికో బాగోలేక ఉండొచ్చు. పాత బాకీ గురించి ఎత్తకండి. "అది వదిలెయ్, దాని గురించి ఆలోచించకు" అని మీరే ఒకసారి చెప్పండి, మళ్లీ ఆ ఊసే తేకండి. బయట తిందామని పిలిచే బదులు ఇంటికి రమ్మనండి. అన్నం, పప్పు, ఆవకాయ, రెండు ఆమ్లెట్లు ఉంటే ఆ పూట ఎవరికీ ఫోన్ తీసి బ్యాలెన్స్ చూసుకునే అవసరం రాదు.

నేను చెప్పిన ఆ అబ్బాయికి చివరికి ఇలా మెసేజ్ పెట్టాను: "ఆ రోజు నీ వాటా నేను తప్పు లెక్కగట్టాను. నువ్వు కట్టాల్సింది 310. మిగతా 830 పంపుతున్నా. శనివారం ఇంటికి రా." డబ్బు అందుకున్నాడు. శనివారం పెరుగు ప్యాకెట్ తీసుకుని వచ్చాడు.